చప్పిడి తోడు

"చక్కెర లేదు," అన్నాడు ఫ్యాక్టరీ డాక్టరు, కాగితం చూస్తూ.

క్రేన్ ఆపరేటర్ పక్కనున్న భార్య వైపు చూసి ఊపిరి వదిలాడు. రెండేళ్ళుగా తనకు చక్కెర జబ్బున్న సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే క్రేన్ మీంచి దింపేసి గేటు దగ్గర కూర్చోబెడతారని భయం. ఏటా జరిగే పరీక్షకు పొద్దున లేవగానే పట్టిన మూత్రం తెమ్మంటే, ముందు రోజంతా అతనికి ముద్ద దిగలేదు. మర్నాడు పొద్దున అతను తయారయ్యేలోగా భార్యే సీసా మూత బిగించి, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది. ఇవాళ ఫలితం చెబుతామని ఇద్దరినీ రమ్మన్నారు.

"కానీ మూత్రంలో ప్రొటీన్ పోతోంది. కిడ్నీలు దెబ్బతిన్నట్టున్నాయి."

"నాకు ఏ నొప్పీ లేదండీ."

"అదే చిక్కు. సగానికి పైగా పోయేదాకా అవి కిక్కురుమనవు."

పోయింది తిరిగి రాదనీ, మిగిలింది కాపాడుకోవచ్చనీ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. బీపీ చూపించుకోవాలి, ఉప్పు తగ్గించాలి, వారంలో రక్తం ఇవ్వాలి. అందాకా క్రేన్ ఎక్కకూడదు. నొప్పి మాత్రలు వాడతారా అని అడిగితే, ఎప్పుడూ వేసుకోలేదన్నాడు అతను.

"రోజూ వేసుకుంటే కిడ్నీలు పోతాయాండీ?" భార్య అడిగింది. ఇస్త్రీ దుకాణంలో పదేళ్ళుగా నిలబడి పనిచేస్తున్న మనిషి.

"ఏళ్ళ తరబడి వేసుకుంటే పోవచ్చు. ఈయన వేసుకోరుగా, ఇంకేం?"

ఆమె మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది.

బస్సులో ఒక్క సీటే దొరికింది. జబ్బు మనిషి, మీరు కూర్చోండి అందామె. అతను ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"మోకాళ్ళు నీవి, కిడ్నీలు నావి. వాటాలు తేలిపోయాయి, కూర్చో."



ఇంటికొచ్చాక ఉప్పు వెయ్యకుండా కూర వండింది. అతనికి పెట్టి, అదే గిన్నెలోంచి తనూ వడ్డించుకుంది. అతను ఉప్పు డబ్బా ఆమె వైపు జరిపాడు.

"చప్పిడి తిండి నీకేం ఖర్మే? వేసుకో."

ఆమె డబ్బా తీసి పై అరలో పెట్టేసింది.

"మీకు తోడుగా."

అతని కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తనకోసం ఏమేం వదులుకుందో లెక్కపెట్టడం మొదలెట్టి, మధ్యలోనే మానేశాడు. ఆమె తలెత్తకుండా తింటోంది.

ఆ సీసాలోది ఆమె మూత్రం.