పదివేలు దాటిన ఆర్డరు

“మీరు ఎంతవరకు మంజూరు చేయొచ్చు?” అని అడిగారు విచారణాధికారి వెంకటరామారావు.

“పదివేలు సార్,” అన్నాడు మండలాభివృద్ధి అధికారి రామ్‌చందర్.

“చేసింది?”

“ముప్పై ఎనిమిది వేలు.”

వెంకటరామారావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. వానలకు కొట్టుకుపోయిన రోడ్డు ఇంకా బాగుకాలేదు. అడవి దాటి ఈ మండలాఫీసుకు వచ్చేసరికి ఆయన జీపు రెండుసార్లు దిగబడింది. పక్క బల్ల దగ్గర జూనియర్ అసిస్టెంట్ సీతారావమ్మ వాంగ్మూలం టైపు చేస్తోంది. భర్త ఇదే ఆఫీసులో పనిచేస్తూ చనిపోతే, ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు.

“ఎందుకు దాటారో మీ మాటల్లోనే చెప్పండి.”

“వాగవతల ఇప్పలగుంపు గూడెంల వాంతులు, విరేచనాలు పట్టుకున్నయి సార్. ఒక్క పూటల ముగ్గురు పోయిండ్రు. సర్పంచ్ పోతయ్య వాగు ఈదుకుంట వచ్చి చెప్పిండు. రోడ్డు తెగింది, ఫోన్లు పనిచేస్తలేవు. మన దవాఖానాల సెలైన్ సీసాలు అయిపోయినయి. భద్రాచలం నుంచి డాక్టర్ను, మందులను తెచ్చుడు, గూడెపోళ్ళను పడవల మీద ఇవతలికి చేర్చుడు, అన్నీ ట్రాక్టర్ల కాంట్రాక్టరు రూప్లాకు అప్పజెప్పుతూ ఆర్డరు పోయింది.”

“పదివేలు దాటితే కలెక్టరు గారి అనుమతి కావాలి. మూడు కొటేషన్లు తీసుకోవాలి.”

“జీపు పోలేని తోవల పోయే ట్రాక్టర్లు మండలం మొత్తానికి రూప్లా దగ్గరనే ఉన్నయి. మిగతా రెండు కొటేషన్లు ఎవరిస్తరు సార్?”

వెంకటరామారావు తల ఊపారు. రూప్లా ఇందాకే వచ్చి, ఒక ట్రాక్టరు వాగులో బోల్తాపడి ఇంజను పోయిందనీ, అయినా తాను రూపాయి కూడా ఎక్కువ వేసుకోలేదనీ చెప్పి వెళ్ళాడు. ఆ మాట ఆయన నమ్మారు కూడా.

“డబ్బు ఎవరూ తినలేదు, అది నాకు తెలుసు. నాకు అర్థం కానిది వేరే ఉందండీ. ఇన్నేళ్ళ సర్వీసున్న మీరు మొత్తం పనికి ఒక్కటే ఆర్డరు ఇవ్వడం ఏమిటి? ట్రాక్టర్లకు ఒకటి, పడవలకు ఒకటి, మందులకు ఒకటి, ఇట్లా విడగొట్టి అన్నీ పదివేల లోపు పెడితే ఆడిట్ వాళ్ళు నోరెత్తేవాళ్ళు కాదు. అందరూ చేసేదే.”

“ఆ పూట తోచలేదు సార్.”

టైపు మిషను ఆగిపోయింది.

“ఏమైందమ్మా?” అన్నారు వెంకటరామారావు.

“రిబ్బన్ చిక్కుకుంది సార్,” అంది సీతారావమ్మ తల ఎత్తకుండా.

ఆమె మళ్ళీ మొదలుపెట్టేదాకా ఆగి, ఆయన గొంతు తగ్గించారు. “ఆ రోజుల్లో మీకు మలేరియా అట కదా. మంచం దిగలేదని అటెండర్ చెప్పాడు. ఒక పని చేయండి. జ్వరంలో ఉండగా కాగితం తెస్తే, చదవకుండా సంతకం పెట్టానని రాయండి. మందలింపుతో సరిపోతుంది. లేకపోతే ఇంక్రిమెంట్లు ఆపుతారు. ఈ ఏడాది ప్రమోషన్ లిస్టులో మీ పేరుంది. అదీ పోతుంది.”

“గట్ల రాస్తే, ఆ కాగితం తెచ్చినోళ్ళ మీదికి పోతది గదా సార్?”

“పోతుంది. వాళ్ళను అడగాల్సే వస్తుంది.”

“అయితే వద్దు. చదివే పెట్టిన అని రాయండి.”

సీతారావమ్మ కుర్చీలోంచి లేచింది. “సార్, నేను ఒక మాట చెప్పాలె.”

“టీ చెప్పి రా అమ్మా,” అన్నాడు రామ్‌చందర్.

“అది కాదు సార్...”

“సారు పొద్దుగాల బయల్దేరి వచ్చిండ్రు. జల్దీ చెప్పి రా.”

ఆమె ఒక్క క్షణం ఇద్దరినీ చూసి బయటికి వెళ్ళింది. తమ అధికారి తరఫున బతిమాలబోయిందనుకున్నారు వెంకటరామారావు. “మీ ఆఫీసు వాళ్ళకు మీరంటే బాగానే అభిమానం ఉంది,” అన్నారు నవ్వి. రామ్‌చందర్ నవ్వలేదు. జ్వరం తగ్గి నెల దాటినా అతని చొక్కా ఇంకా ఒంటి మీద వేలాడుతున్నట్టే ఉంది.

టీ వచ్చింది. సీతారావమ్మ కూడా వచ్చి మిగిలింది టైపు చేసింది. రామ్‌చందర్ వాంగ్మూలాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి సంతకం చేసి, ఎప్పటిలాగే దాని కింద గీత గీశాడు.

జీపు ఎక్కబోతూ వెంకటరామారావు ఆగారు. “ఆర్డరు ఇచ్చాక ఆ గూడెంలో ఎంతమంది పోయారు?”

“ఎవ్వరు పోలే సార్.”

“అది కూడా రాస్తాను. దానివల్ల మీకు పెద్దగా ఒరిగేదేమీ ఉండకపోవచ్చు.”

“అయినా రాయండి సార్.”

జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, రామ్‌చందర్ లోపలికి వచ్చాడు. సీతారావమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

“నన్నెందుకు చెప్పనియ్యలే సార్?”

“ఇంటికాడ పిల్లలు ఎదురు చూస్తుంటరు. మిషను మీద గుడ్డ కప్పి పో.”

“ఇంటికి పోయి అమ్మగారికి ఏం చెప్తరు మీరు?”

“ఇంక్రిమెంట్ ఆగిందని చెప్త. ఓ వారం మాట్లాడది. తర్వాత మాట్లాడుతది.”

ఆమె మిషను మీద గుడ్డ కప్పింది. అతను ఫైలు తెరిచి, రూప్లాకు ఇచ్చిన ఆర్డరు ప్రతిని కిటికీ వెలుతురులోకి తిప్పి చూశాడు. తర్వాత దాన్ని ఆమె ముందుకు జరిపి, మెల్లగా అన్నాడు.

“మళ్ళెప్పుడన్నా నా సంతకం నువ్వే పెట్టాల్సొస్తే, కింద గీత మరువకమ్మా.”