చక్కెర పూత

"వదినె, గా పొయ్యి కాడికెల్లి లే! నీ చేతి పిండి ఈ ఊర్ల ఎవడు తింటడు?"

గడపలో నిలబడి తమ్ముడి పెళ్లాం శారమ్మ అరుస్తున్నా జ్ఞానమ్మ తలెత్తలేదు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పద్నాలుగేళ్లు మిషన్ దవాఖానలో ఉండి, కుష్టు నయమైందని రాసిచ్చిన కాయితం పట్టుకుని బోధన్‌లో తమ్ముడింటికి వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో మనసు కూడా చేతుల్లాగే మొద్దుబారింది.

తమ్ముడు లాజరు పొద్దున్నే తేల్చేశాడు. "అక్కా, ఇయ్యాల మనింట్ల ప్రార్థన. వచ్చినోళ్లు నీ చేతిది తింటే మాతోనే ఉండు. తినకపోతే మల్ల దవాఖానకే, సాయంత్రం బస్సుకు నేనే ఎక్కిస్త." అని, ఆమె ట్రంకుపెట్టె తెచ్చి తలుపు పక్కన పెట్టాడు.

అందుకే దవాఖాన దొరసాని నేర్పిన బిస్కెట్టు చేస్తోంది. వచ్చేటప్పుడు ఆవిడిచ్చిన డబ్బాలోని ఓట్సు, గోధుమపిండి, నెయ్యి, బెల్లం కలిపి సత్తుపళ్ళెంలో మందంగా అదిమింది. పెద్ద గంజులో ఇసుక కాచి, పళ్ళెం దింపి, మూత మీద నిప్పులు పోసింది. చల్లారాక పైన తెల్లటి చక్కెర పూత పూసి పట్టీలుగా కోయాలి. పూత కలిపి గిన్నెలో సిద్ధంగా ఉంచింది. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో చక్కెరకేం కరువు!

మడతలేసిన గోనెగుడ్డతో మూత దించింది.

"గంత మందం గుడ్డెందుకు? సోకులు గాకపోతే!" అంది శారమ్మ.

"చేతికి తెల్వదు గద పిల్లా. కండ్లతోని చూడాలె, గుడ్డతోని పట్టాలె. వేడి తెల్వకనే వేళ్లు పోతయని దొరసాని చెప్పింది."

"నా వేళ్లు మంచిగనే ఉన్నయి. నాకు చెప్పకు."

కమ్మటి వాసన ఇల్లంతా కమ్ముకుంది. వాకిట్లో చాపలు పరుస్తున్న లాజరు లోపలికి వచ్చి, "అబ్బ! ఏం వాసననే అక్కా!" అన్నాడు. పాపం, ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

"వాసనకే మురుస్తున్నవా? పాస్టరయ్య ముంగట నా ఇజ్జత్ తీస్తరా అక్కాతమ్ముడు? కుక్కలకేస్త దీన్ని!" శారమ్మ విసురుగా వంగి, గంజులోని పళ్ళెం రెండు చేతులా ఎత్తేసింది.

"ఆగు శారమ్మా!" జ్ఞానమ్మ గోనెగుడ్డ పట్టుకుని లేచింది.

శారమ్మ ఆగలేదు. గడప దాకా వెళ్లి, మళ్లీ మొగుడి వైపు తిరిగి తిట్టడం మొదలుపెట్టింది. రేపటి నుంచి ఈ ఇంట్లో మంచినీళ్లైనా ఎవరు ముడతారంది. తన పిల్లల గతేంటంది. పళ్ళెం మాత్రం అరచేతుల్లో అలాగే ఉంది.

జ్ఞానమ్మ ఆ చేతుల వంకే చూస్తోంది.

"కాల్తలేదా, పిల్లా?"

"ఏం కాల్తది? చల్లగైంది గద!" అంటూ శారమ్మ పళ్ళెం నీళ్లబిందె పక్కనున్న తడిపీట మీద పడేసింది.

పీట చుయ్యిమంది. ఆవిరి లేచింది. శారమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. చర్మం కమిలి బొబ్బలు లేస్తున్నాయి.

నాలుగు రోజుల్లో మొదటిసారి జ్ఞానమ్మ గుండె కలుక్కుమంది. దగ్గరికెళ్లి మరదలి చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"భయపడకు. ఇప్పుడే దవాఖానకు పోతే వేళ్లు దక్కుతయి," అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"తమ్మీ, సాయంత్రం బస్సుకు రెండు టికెట్లు తియ్యి."