ముళ్ళజుట్టు అమ్మాయి

"ముందు నుంచి చూస్తే పులి. పక్క నుంచి చూస్తే పనసపండు!"

ట్రైనీ పక్క నుంచి గీసి తెచ్చిన మొహాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని మేడమ్ అన్న మాట అది. గదిలో కంప్యూటర్ల ముందున్న నలుగురూ పగలబడి నవ్వారు. ట్రైనీ కూడా నవ్వింది. నవ్వక చస్తుందా!

కార్టూన్ సీరియళ్ళు తీసే ఆ చిన్న స్టూడియోలో ఆమెకి మూడు నెలల ట్రయల్. ఇంకో వారంలో అయిపోతుంది. ఇద్దరు ట్రైనీలు, ఉద్యోగం కుర్చీ ఒకటే. రెండు వారాల క్రితం ఆమె ఇచ్చిన, జపాన్ యానిమే కార్టూన్ల తరహా అమ్మాయి మొహం చూసి మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంతేసి కళ్ళు, ఉందో లేదో తెలియని ముక్కు, ఎవడొస్తాడో రమ్మన్నట్టు బిగించిన పెదవులు, తల మీద నలువైపులా లేచి నిలబడ్డ ముళ్ళజుట్టు.

"నువ్వే గీశావా?" అని అడిగింది మేడమ్ ఆ రోజు.

"నేనే మేడమ్."

అంతే. రెండు ముక్కలు. అవి నోట్లోంచి వచ్చినప్పట్నుంచీ ఆమెకి అన్నం సయించడం లేదు.

"ముళ్ళజుట్టంటే ఇష్టమొచ్చినచోట మేకులు దిగ్గొట్టడం కాదమ్మా," ఇవాళ మేడమ్ పెన్సిల్‌తో కాగితం మీద పొడిచింది. "ప్రతి ముల్లూ సుడి దగ్గర పుట్టాలి. సుడి ఎక్కడుందో తెలిస్తే తల ఎటు తిప్పినా జుట్టు దాంతోపాటే తిరుగుతుంది. నీ పిల్లకి సుడి ఎక్కడ?"

"చూసి... సరిచేస్తాను మేడమ్."

"నువ్వు పుట్టించిన పిల్ల కదా, నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? సోమవారానికి పక్క నుంచి, ఏటవాలుగా, వెనక నుంచి. మూడూ కావాలి. లేకపోతే ఆ కుర్చీ రెండోవాడిది."

తెలిసినవాళ్ళు ఒకరున్నారు. ఇంట్లో.

ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే చెల్లెలు. ఏడో తరగతి. ఓ రోజు పెన్ను కోసం ఈమె దాని సంచీలో చెయ్యి పెడితే లెక్కల నోట్‌బుక్ ఆఖరి పేజీలో కనిపించింది ఆ మొహం. ఫొటో తీసింది, ప్రింటు వేసింది, పైన పల్చటి కాగితం పరిచి గీత మీద గీత లాగేసింది. అరగంట పని. ఆ వారమే చెల్లెలికి నలభై ఎనిమిది రంగుల పెన్సిళ్ళ డబ్బా కొనిచ్చింది.

"ఎందుకక్కా?"

"ఊరికే."

"ఊరికే ఎవరిస్తారు? ఏదో వెధవ పని చేసుంటావ్!" అని పకపకా నవ్వింది పిడుగు.

ఆదివారం పొద్దున లేస్తూనే బల్ల ముందు కూలబడింది. తొమ్మిదయింది. బల్ల నిండా రబ్బరు పొట్టు. పక్క నుంచి గీస్తే పనసపండు, ఏటవాలుగా గీస్తే చీపురుకట్ట, వెనక నుంచి గీస్తే ఏ జంతువో ఆమెకే తెలీలేదు. సుడి నడినెత్తిన పెట్టినా, వెనక్కి జరిపినా, ముందున్న ముళ్ళన్నీ ఒక్క సుడికి రామంటే రావు.

"మొహం కడగవా? దువ్వెన ముట్టుకోవా? ఆ పిచ్చి గీతలేంటే పొద్దున్నే!" వంటింట్లోంచి అమ్మ కేక.

"వస్తున్నానమ్మా!"

ఆ కేకకి పిడుగు వచ్చింది, పళ్ళు తోముకుంటూ. బల్ల మీదకి వంగింది. బ్రష్ ఆగిపోయింది.

"ఇది నా బొమ్మ."

కాదనడానికి నోరు తెరిచింది అక్క. కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"దొంగిలించానే. నేనే గీశానని చెప్పాను ఆఫీసులో. ఆ పెన్సిళ్ళు కూడా అందుకే కొన్నాను."

పిడుగు బాత్రూంలోకి వెళ్ళి నోరు కడుక్కుని వచ్చింది. ఆ కాసేపు అక్కకి ఏడాదిలా గడిచింది. తిడితే బావుండు, కనీసం అమ్మకి చాడీలు చెప్పినా బావుండు.

"అడిగితే ఇచ్చేదాన్ని కదక్కా," అంది పిడుగు, మెల్లగా.

అది తిట్టుకంటే ఎక్కువే తగిలింది.

"రేపు వెళ్ళగానే మేడమ్‌కి చెప్పేస్తాను. నీ బొమ్మ అని."

"మరి నీ ఉద్యోగం?"

"పోతే పోనీ. ఇంక ఈ మొహం వంక చూడలేకపోతున్నానే."

పిడుగు స్టూలు లాక్కుని కూచుంది. కాగితాలు ఒక్కోటీ తిప్పి చూసి పెదవి విరిచింది.

"ఛీ, అన్నీ తప్పే. ఒక్క సుడి పెట్టావేంటి? ఈవిడకి రెండు."

"రెండా? నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఉన్నాయంతే. అందుకే ముళ్ళు రెండు గుంపులుగా లేస్తాయి. ఎంత అణిచినా లేస్తాయి." పిడుగు కొత్త పెన్సిల్ ఒకటి తీసి చెక్కడం మొదలెట్టింది. "అసలు ఈవిడెవరో తెలీకుండా ఎలా గీసేస్తావక్కా? ఈవిడ దేనికీ భయపడదు. చిన్నవాళ్ళని ఎవరైనా ఏడిపిస్తే ఊరుకోదు. చచ్చినా అబద్ధం ఆడదు."

అక్క తల దించుకుంది. "అలాంటిదాన్ని నేనెలా గీయగలనే?"

"నువ్వు గీయక్కర్లేదు. నేను గీస్తా." పిడుగు తెల్లకాగితం బల్ల మీద సర్దుకుని, పెన్సిల్ మొన ఊదుకుని, ఒక కన్ను మూసి, దువ్వెన తగలక లేచి నిలబడ్డ అక్క జుట్టు వంక చూసింది.

"కాస్త అటు తిరిగి కూచో అక్కా."