రెండో కట్టు

ఫిజియోథెరపీ డాక్టరమ్మ దర్జీ బాగున్న ఎడంచేతిని గుడ్డతో కుర్చీకి కట్టేసింది. తర్వాత అతని భార్య వైపు తిరిగి, "మీ చేతులు కూడా ఇలా ఇవ్వండి" అంది.

"పక్షవాతం ఆయనకైతే కట్టు నాకెందుకమ్మా?"

"ఆయన చొక్కా బొత్తాలు రోజూ ఎవరు పెడుతున్నారు?"

"ఇంకెవరు, నేనే. ఆయన పెట్టుకునేసరికి తెల్లారుతుంది. ఇల్లు, ఉద్యోగం, ఆస్పత్రి... ఎన్నని చూసుకోను? ఆర్నెల్లయింది, ఆ చేతికి ఒక్క పనీ రాలేదు."

"పని చెబితేగా వచ్చేది? చెయ్యి తంటాలు పడితేనే మెదడు నేర్చుకుంటుంది. అన్నీ మీరే చేసిపెడితే, ఈ చెయ్యి లేకపోయినా గడుస్తుందని నేర్చుకుంటుంది."

ఆమె చేతులు చాపింది. డాక్టరమ్మ వాటినీ గుడ్డతో కట్టేసింది.

దర్జీ కుడిచెయ్యి వణుకుతూ బొత్తాన్ని పట్టుకుంది, జారవిడిచింది, మళ్లీ పట్టుకుంది. అది జారినప్పుడల్లా కట్టులో ఉన్న ఆమె వేళ్లు వాటంతటవే గాల్లో బొత్తాం పెట్టేస్తున్నాయి. వాటిని చూసి ఆమెకే సిగ్గేసింది.

చాలాసేపటికి బొత్తాం దూరింది, కానీ పై కాజాలో.

"ఊళ్లో సగంమంది చొక్కాలకు కాజాలు కుట్టినవాణ్ణి. నా చొక్కాకొచ్చేసరికి దారి తప్పాను" అన్నాడు దర్జీ, అలసటగా నవ్వుతూ.

డాక్టరమ్మ ఆమె కట్టు విప్పబోయింది. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

"ఇంకాసేపు ఉండనివ్వమ్మా. విప్పితే ఇవి ఊరుకోవు."