వేలి గుంట

గుండె చుట్టూ పెంకులా బిగిసిన పొరను డాక్టర్లు ఒలిచి తీసేశాక చినబాబు నర్సీపట్నం ఇంటికొచ్చాడు. అతను ఆసుపత్రిలో ఉండగానే తల్లి పోయింది. వింటే తట్టుకోలేడని, ఊరెళ్ళిందని చెప్పి అందరూ దాచారు. రోజూ కొడుకు కాలు నొక్కి, గుంట పడితే వాపుందని చెప్పేది ఆ తల్లే. ఇప్పుడా పని భార్య వెంకటదుర్గది.

ఆ రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగాక, పక్కనుంచి ఎవరో లేచినట్టు అతని మంచం కిర్రుమంది. దుర్గ సెల్లు లైటు వేసి దుప్పటి తొలగించింది. ఆమె ఇంకా చెయ్యి వెయ్యనే లేదు. కాలి మీద అప్పటికే వేలి గుంట ఉంది, లోతుగా.

"మళ్ళీ నువ్వేటే? అమ్మ ఇప్పుడే నొక్కి సూసింది," అన్నాడతను, కోత నొప్పికి తలగడ రొమ్ముకు అదుముకుని.

ఆమె లైటు మంచం పక్కకు తిప్పింది.

"వాపు తగ్గనేదురా అంది. ఒరే, నీకింకా ఎవరూ సెప్పనేదా అనడిగింది. ఏటే దుర్గా, నాకు సెప్పనిది?"