వెయ్యవే!

"ఇస్త్రీపెట్టె ఇరవై రెండు నిమిషాలు! కరెంటు ఎవడబ్బ సొమ్మనుకున్నావే?"

ఇంట్లో ఏ స్విచ్చు వేసినా చూపించే ఫోనులో చూసి ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చిన భర్త, వస్తూనే ఆమె చెంప ఛెళ్లుమనిపించాడు. పెదవి చిట్లింది. అయినా ఆమె చేతిలోని ఇస్త్రీపెట్టెను వదల్లేదు.

"మీ చొక్కాలేనండీ. పొద్దున మీరేగా చెప్పారు..."

"ఎదురు చెప్తావా? ఇంకో నాలుగు వేస్తేగానీ నీకు బుద్ధి రాదు!" కడుపులో తన్నాడు.

అలికిడికి అత్తగారు వచ్చింది. ఆవిడ నోట రోజూ ఒకటే మాట: "లైటు వెయ్యకే, వాడి ఫోనులో పడుతుంది." ఇప్పుడూ అదే పాట పాడుతుందనుకుంది కోడలు.

"వదలరా, చచ్చిపోతుంది!" అంటూ అడ్డొచ్చింది ఆవిడ.

తల్లినీ ఒక్క తోపు తోశాడు. ఆవిడ నుదురు మంచం కోడుకు ఠంగుమని తగిలింది.

అతను ఫోను నొక్కాడు. ఫ్యాను ఆగింది, లైటు ఆరింది. కిటికీ లేని ఆ గదిలో పట్టపగలే కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి.

"ఇద్దరూ చీకట్లో పడి ఏడవండి!" భార్య జుట్టు పట్టుకుని లాగాడు.

నేల మీద పడి ఉన్న అత్తగారి గొంతు వినిపించింది. "వెయ్యవే!"

అతను పగలబడి నవ్వాడు. "ఎంత వేసినా వెలగదమ్మా. స్విచ్చులన్నీ నా చేతిలో ఉన్నాయి."

ఇస్త్రీపెట్టె ఇంకా చల్లారలేదు. దాని పిడి మీద కోడలి వేళ్లు బిగుసుకున్నాయి. ఇన్నేళ్లలో అత్తగారి మాట ఆమెకు మొదటిసారి సరిగ్గా అర్థమైంది.

"లైటు కాదురా" అంది తల్లి.