చెట్లచాటు

"మార్కెట్‌కెళ్లొస్తా అత్తయ్యా," అంటూ సలోమి సూపు ఫ్లాస్కును కూరల సంచీ అడుగున దాచింది.

కార్గిల్‌లో కాలు పోగొట్టుకున్న భర్త వారంగా ఇక్కడే, ఢిల్లీ కంటోన్మెంటు ఆసుపత్రిలో ఉన్నాడు. గుండెజబ్బున్న అత్తగారు తట్టుకోలేదని, ఇంకా కొండల మీదే డ్యూటీ అని బొంకుతోంది. మేలు కోరి ఆడిన అబద్ధమే ఆమెను ఒకచోట నిలవనివ్వడం లేదు.

సండేస్కూలు పాఠం చదువుతున్న కూతురు తలెత్తి నానమ్మను అడిగింది. "దాదీ, ఆదాము చెట్లచాటున దాక్కున్నాడని గాడ్‌కి పతా హై నా? మరి 'ఎక్కడున్నావు' అని ఎందుకడిగాడు?"

"తెలిసే అడిగాడమ్మా. వాడి నోటితో వాడే చెబుతాడేమోనని."

సలోమి గబగబా గడప దాటబోయింది.

అత్తగారు వంటింట్లోంచి ఒక చెంచా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"సలోమీ, నా కొడుకు ఎక్కడున్నాడమ్మా?"